పేరుకు రేటు.. చదువుకు చోటు

ఏ కాలేజీలో చేరాలి? అమెరికాలో ఆటలాడే పిల్లలు ఒకప్పుడు కోచ్‌ని చూసి, కోర్సు చూసి, ఇంటికెంత దూరమో చూసి ఈ ప్రశ్నకు జవాబు వెతుక్కునేవారు. 2021 జులై 1 నుంచి ఆ లెక్కలోకి ఇంకో అంకె వచ్చి చేరింది. అది వాళ్లకు న్యాయంగా రావాల్సిన డబ్బే. కానీ, పదిహేడేళ్ల వయసులో చదువుల దారిని మలుపు తిప్పుతున్నదీ అదే!

పది లక్షల యాభై వేల ఇరవై నాలుగు డాలర్లు.

2024 వేసవిలో అమెరికా క్రీడాభిమానుల నోళ్లలో నానిన అంకె ఇది. అందులో పది లక్షలు ఆ అమ్మాయి పేరుకి. యాభై వేలు ఇంటి అద్దెకీ తిండికీ. చివర్లో ఉన్న 24 డాలర్లు? ఆమె జెర్సీ మీదున్న నంబరు అది.

ఆ అమ్మాయి నిజారీ కెనడీ. కాన్సస్ రాష్ట్రంలోని టొపీకా ఊరి పిల్ల. సాఫ్ట్‌బాల్‌లో పిచర్... మన క్రికెట్‌లో బౌలర్ లాగా బంతి విసిరే మనిషి. స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీ తరఫున రెండేళ్లు ఆడి, 2024లో దేశంలోనే ఉత్తమ కాలేజీ సాఫ్ట్‌బాల్ క్రీడాకారిణిగా ఎంపికైంది. స్టాన్‌ఫర్డ్‌లో సీటంటే మన తెలుగు ఇళ్లలో వీధంతా మిఠాయిలు పంచుకునే సంగతి. కెనడీ ఆ సీటు వదిలేసి పశ్చిమ టెక్సస్‌లో పత్తి చేలకు పేరుపడ్డ లబక్ పట్టణానికి, టెక్సస్ టెక్ యూనివర్సిటీకి మారిపోయింది. ఏడాదికి ఆ మొత్తం ఇస్తామని ముందుకొచ్చింది యూనివర్సిటీ కాదు, దాని అభిమానులు కలిసి పెట్టుకున్న ఓ సంస్థ. మరుసటి ఏడాదే ఆమె టెక్సస్ టెక్‌ని జాతీయ ఫైనల్ దాకా తీసుకెళ్లింది. మహిళల కాలేజీ వరల్డ్ సిరీస్‌కి ఆ జట్టు చేరడమే అది మొదటిసారి.

డబ్బు కోసం చదువుని కాదనుకుందని తేల్చేయడం సులువు. కానీ, మహిళల సాఫ్ట్‌బాల్‌లో కాలేజీ దాటాక వచ్చే జీతాలు మగవాళ్ల ఆటలతో పోలిస్తే నామమాత్రం. కెనడీ పేరుకి మంచి ధర పలికేది కాలేజీలో ఉండే ఆ నాలుగేళ్లే. దీపం ఉండగానే ఇల్లు చక్కబెట్టుకోమని మన పెద్దలు చెప్పిన పనే ఆమె చేసింది. తప్పెలా అవుతుంది?

తప్పొప్పులు అమ్మాయి దగ్గర కాదు, ఆ డబ్బు పిల్లల దగ్గరికొచ్చే తీరులో వెతకాలి. అది తెలియాలంటే కాస్త వెనక్కి వెళ్లాలి.

ముఖం నాది.. సొమ్ము మీదా?

ఎడ్ ఒబానన్ 1995లో యూసీఎల్ఏ యూనివర్సిటీకి జాతీయ బాస్కెట్‌బాల్ టైటిల్ తెచ్చిపెట్టిన వీరుడు. ఆట ముగిశాక లాస్ వేగస్‌లో కార్ల షోరూమ్‌లో ఉద్యోగం చేసుకుంటున్నాడు. ఓసారి స్నేహితుడి ఇంటికెళితే వాళ్లబ్బాయి వీడియో గేమ్ ఆడుతూ కనిపించాడు. తెర మీద పరుగెడుతున్న ఆటగాడిది నున్నటి గుండు, ఎడమ చేతి వాటం, జెర్సీ మీద 31వ నంబరు. పేరు లేదంతే... అది తానే! ఆ గేమ్ అమ్ముకున్నవాళ్లు తనని అడగలేదు, ఒక్క సెంటు ఇవ్వలేదు. 2009లో ఒబానన్ కోర్టుకెక్కాడు.

ఈ ముచ్చట మనకు మరీ కొత్త కాదు. ఏటా ఫలితాల రోజున పేపర్ తెరిస్తే పేజీ నిండా ర్యాంకర్ల పాస్‌పోర్టు ఫొటోలు. కూడళ్లలో అవే ముఖాలతో ఫ్లెక్సీలు. ఆ ముఖాలను చూపించే కదా మరుసటి ఏడాది అడ్మిషన్లు నింపుకొనేది! తెలివైన పిల్లల్ని ఫీజు రాయితీ ఇచ్చి మరీ చేర్చుకోవడం, ఆనక వాళ్ల ముఖాన్నే ప్రకటన చేయడం మన దగ్గర దశాబ్దాలుగా సాగుతున్నదే. ఆ బొమ్మ మీద హక్కు ఎవరిదని ఏ ఇంట్లోనూ అడగం. ఒబానన్ అడిగాడు.

అమెరికాలో కాలేజీ ఆటలంటే వేల కోట్ల వ్యాపారం. శనివారం ఫుట్‌బాల్ మ్యాచ్‌కి లక్షమంది పట్టే స్టేడియాలు నిండుతాయి. టీవీ కంపెనీలు హక్కుల కోసం పోటీలు పడతాయి. కోచ్‌ల జీతాలు ఏడాదికి లక్షల డాలర్లు దాటి పోతాయి. ఆడేవాళ్లకు మాత్రం అప్పట్లో ఫీజు, హాస్టలు, తిండి... అంతే. ఈ ఆటలను నడిపే ఎన్‌సీఏఏ సంస్థ 1906 నాటిది. ‘స్టూడెంట్-అథ్లెట్’ అన్న మాటను 1950లలో వాడుకలోకి తెచ్చింది దాని అధిపతి వాల్టర్ బయర్స్. ఆటలో దెబ్బలు తగిలినవాళ్లు, ప్రాణాలు పోయినవాళ్ల కుటుంబాలు కార్మికుల్లాగే పరిహారం అడగడం మొదలుపెట్టిన రోజులవి. వీళ్లు ఉద్యోగులు కాదు, విద్యార్థులని చెప్పడానికి ఆ మాట అక్కరకొచ్చింది. ఆ బయర్సే 1995లో పుస్తకం రాసి, తాను కట్టిన వ్యవస్థ పిల్లల శ్రమను దోచుకుంటోందని ఒప్పుకొన్నాడు.

ఆ దోపిడీ ఎలా ఉండేదో చెప్పడానికి ఒక్క మనిషి చాలు. 2014లో కనెటికట్ యూనివర్సిటీని బాస్కెట్‌బాల్ ఛాంపియన్‌గా నిలిపిన షబాజ్ నేపియర్, దేశమంతా తనని చూస్తున్న ఆ రోజుల్లోనే, కొన్ని రాత్రులు ఖాళీ కడుపుతో పడుకుంటున్నానని విలేకరులకు చెప్పాడు. దుకాణాల్లో అతని నంబరున్న జెర్సీ అమ్ముడవుతూనే ఉంది. ఆ మాట బయటికొచ్చిన కొద్ది రోజులకే, ఆటగాళ్లకు కడుపునిండా తిండి పెట్టడానికి ఎన్‌సీఏఏ నిబంధనలు సడలించింది. ఇక 2017లో సెంట్రల్ ఫ్లోరిడా వర్సిటీ కిక్కర్ డొనాల్డ్ డి లా హే... సొంతంగా యూట్యూబ్ వీడియోలు చేసి సంపాదించుకుంటున్నందుకు ఆడే అర్హతే పోగొట్టుకున్నాడు.

తలుపు తెరిచిన రోజు

2019 సెప్టెంబరులో కాలిఫోర్నియా చట్టం చేసింది. ఆటగాళ్లు తమ పేరు, రూపం, పోలికల మీద సంపాదించుకోవచ్చని, కాలేజీలు అడ్డుపడకూడదని దాని సారం. ఈ మూడు మాటల ఇంగ్లిష్ పొడి అక్షరాలే ‘ఎన్ఐఎల్’. 2021 జూన్ 21న సుప్రీంకోర్టు వేరే కేసులో తొమ్మిది మంది న్యాయమూర్తుల ఏకగ్రీవ తీర్పుతో ఎన్‌సీఏఏకి గట్టి దెబ్బ కొట్టింది. చదువుకు సంబంధించిన ప్రయోజనాల మీద పరిమితులు పెట్టడం చెల్లదంది. పది రోజులు తిరిగేసరికి ఎన్‌సీఏఏ తలుపు తెరిచింది.

జులై 1న ఫ్రెస్నో స్టేట్‌లో బాస్కెట్‌బాల్ ఆడే కవల అక్కచెల్లెళ్లు హేలీ, హానా క్యావిండర్ ఓ మొబైల్ కంపెనీకి ప్రచారకర్తలయ్యారు. న్యూయార్క్ టైమ్స్ స్క్వేర్‌లో వాళ్ల బొమ్మ వెలిగింది. ఆ నెలలోనే అలబామా యూనివర్సిటీ ఫుట్‌బాల్ కోచ్ నిక్ సేబన్ తన క్వార్టర్‌బ్యాక్ (జట్టు దాడిని నడిపించే ఆటగాడు) బ్రైస్ యంగ్ ఒప్పందాలు దాదాపు పది లక్షల డాలర్లకు చేరాయని చెబితే విన్నవాళ్లు నివ్వెరపోయారు. అప్పటికి ఆ కుర్రాడు ప్రధాన క్వార్టర్‌బ్యాక్‌గా ఒక్క మ్యాచ్ కూడా మొదలుపెట్టలేదు.

ఆగస్టులో యూటాలోని బ్రిగమ్ యంగ్ వర్సిటీలో జరిగింది మాత్రం వేరే కథ. ఫుట్‌బాల్ జట్టంతా మీటింగ్ హాల్లో కూర్చుని ఉంది. వాళ్లలో స్కాలర్‌షిప్ లేకుండా, సొంత ఫీజు కట్టుకుంటూ, ఆట మీద ప్రేమతో ఆడుతున్నవాళ్లు 36 మంది. వాళ్లని ‘వాక్-ఆన్’లంటారు. ఓ ప్రోటీన్ బార్ల కంపెనీ యజమాని లేచి, వాళ్లందరి ఫీజుకి సరిపడా తామిస్తామని ప్రకటించాడు. ఒక్కసారిగా హాలు హోరెత్తింది. పెద్ద పెద్ద కుర్రాళ్లు ఒకరినొకరు కావలించుకున్నారు. అప్పు చేసి ఫీజు కట్టిన ఇంటివాళ్లకు ఆ కేకల విలువేంటో వేరే చెప్పక్కర్లేదు. ఎన్ఐఎల్ మంచికి వచ్చిందా చెడుకి వచ్చిందా అని ఎవరైనా అడిగితే ముందు ఆ హాలునే తలుచుకోవాలి.

అంకె ముందు.. కాలేజీ తరవాత

అదే ఏడాది మరో తలుపూ తెరుచుకుంది. అంతకుముందు ఫుట్‌బాల్, బాస్కెట్‌బాల్ ఆటగాడు కాలేజీ మారితే ఏడాది పాటు బెంచీకే పరిమితం కావాల్సి వచ్చేది. 2021లో ఒకసారికి ఆ శిక్ష ఎత్తేశారు. 2024 నాటికి, చదువులో అర్హత ఉంటే ఎన్నిసార్లయినా మారొచ్చన్నారు. మారాలనుకున్నవాళ్లు పేరు నమోదు చేసుకునే జాబితానే ‘ట్రాన్స్‌ఫర్ పోర్టల్’. ఒక చేత్తో డబ్బు, మరో చేత్తో కదిలే స్వేచ్ఛ... రెండూ కలిసేసరికి కాలేజీ ఎంపిక ఒక్కసారి చేసే నిర్ణయం కాకుండా ఏటా జరిగే బేరమైంది.

బేరం నడిపేది ‘కలెక్టివ్’లు. డబ్బున్న పూర్వ విద్యార్థులు, వీరాభిమానులు చందాలు పోగేసి పెట్టే సంస్థలివి. అడ్వర్టైజ్‌మెంటు అనేది చాలాసార్లు పేరుకే. అసలు ఉద్దేశం మంచి ఆటగాణ్ని తమ కాలేజీకి రప్పించుకోవడం, వచ్చినవాణ్ని నిలుపుకోవడం. కాలేజీలో చేరడానికి ఎరగా ఈ డబ్బు వాడకూడదని ఎన్‌సీఏఏ నిబంధన ఉండేది. టెనెసీ, వర్జీనియా రాష్ట్రాలు దావా వేయడంతో 2024 ఫిబ్రవరిలో ఫెడరల్ జడ్జి దాని అమలును ఆపేశారు. ముందే అంకె తెలుసుకోకుండా ఆటగాడు సరైన నిర్ణయం ఎలా తీసుకుంటాడన్నది రాష్ట్రాల వాదన. అందులో న్యాయముంది. ఉద్యోగంలో చేరేముందు జీతం అడగకుండా ఎవరుంటారు?

ఆ అంకె ఎంత దూరం నడిపిస్తుందో చూడండి. టెక్సస్‌లో హైస్కూలు పిల్లలు ఇలా సంపాదించకూడదు. అందుకని క్విన్ యూయర్స్ అనే కుర్రాడు హైస్కూలు చివరి ఏడాదినే వదులుకుని 2021 ఆగస్టులో ఒహాయో స్టేట్‌లో చేరిపోయాడు. డిసెంబరుకల్లా మళ్లీ సొంత రాష్ట్రానికి, టెక్సస్ యూనివర్సిటీకి వచ్చేశాడు. 2022లో నైజెల్ ప్యాక్ అనే బాస్కెట్‌బాల్ ఆటగాడు కాన్సస్ స్టేట్ నుంచి మయామీకి మారాడు. రెండేళ్లకు 8 లక్షల డాలర్లు, ఓ కారు ఇస్తున్నామని సొమ్ము పెట్టే కంపెనీ తరఫువాళ్లే బాహాటంగా చెప్పుకొన్నారు. రాష్ట్రాల పన్నులు కూడా లెక్కలోకి వస్తాయి. టెక్సస్, ఫ్లోరిడా, టెనెసీల్లో రాష్ట్ర ఆదాయపు పన్ను లేదు. కాలిఫోర్నియాలో పై శ్లాబుల్లో అది 13 శాతం దాటుతుంది. ఒకే అంకె ఒక్కో రాష్ట్రంలో ఒక్కోలా చేతికొస్తుంది.

అరచేతిలో వైకుంఠం

ఇక్కడిదాకా బాగానే ఉంది. గుండె కలుక్కుమనేది మాట తప్పినప్పుడు.

జేడెన్ రషాడా కాలిఫోర్నియా కుర్రాడు. మంచి క్వార్టర్‌బ్యాక్. ముందు మయామీకి మాటిచ్చి, 2022 నవంబరులో ఫ్లోరిడా వైపు తిరిగాడు. అటు వెళితే అభిమానుల సంస్థ నుంచి కోటీ ముప్ఫై ఎనిమిదిన్నర లక్షల డాలర్లు. డిసెంబరులో చేరిక పత్రం మీద సంతకం చేశాడు. ఆ డబ్బు రాలేదు. 2023 జనవరిలో ఫ్లోరిడా నుంచి విడుదల కోరి, తండ్రి ఒకప్పుడు ఆడిన అరిజోనా స్టేట్‌లో చేరాడు. అక్కణ్నుంచి జార్జియా. ఆ తరవాత సాక్రమెంటో స్టేట్. మూడేళ్లలో మూడు క్యాంపస్‌లు, ఒక కోర్టు కేసు. తనని నమ్మించి మోసం చేశారంటూ 2024 మేలో ఫ్లోరిడా కోచ్ మీదా మరికొందరి మీదా అతను దావా వేశాడు. అలా కాలేజీ ఆటగాడు కోచ్ మీదికే కోర్టుకెళ్లడం దేశాన్ని కుదిపింది.

అదే ఏడాది సెప్టెంబరులో యూఎన్ఎల్‌వీ యూనివర్సిటీ క్వార్టర్‌బ్యాక్ మాథ్యూ స్లూకా, జట్టు ఆడిన మూడు మ్యాచ్‌లూ గెలిచి ఊపు మీదుండగా, ఇక ఆడనని తప్పుకున్నాడు. లక్ష డాలర్లు ఇస్తామని నోటి మాటగా చెప్పి ఇవ్వలేదన్నది అతని వైపు వాదన. అలాంటి ఒప్పందమేదీ లేదన్నది వర్సిటీ జవాబు. ఎవరు నిజం చెబుతున్నారో తేల్చే కాగితం లేదు.

పెళ్లి మాటలప్పుడు కూడా తాంబూలాలు పుచ్చుకుని లగ్నపత్రిక రాసుకునే సంప్రదాయం మనది. పదిహేడేళ్ల పిల్లాడి నాలుగేళ్ల జీవితాన్ని ఫోన్లో వినిపించిన మాట మీద వదిలేయడం ఏం న్యాయం? నమ్మి నానబోస్తే పుచ్చి బుర్రలైనట్టు, ఆ పిల్లాడు పోగొట్టుకునేది డబ్బొక్కటే కాదు. కాలేజీ మారినప్పుడల్లా చదివిన క్రెడిట్లన్నీ కొత్తచోట చెల్లవు. రెండో ఏడాది ముగిసేసరికి డిగ్రీలో 40 శాతం, మూడో ఏడాదికి 60, నాలుగో ఏడాదికి 80 శాతం పూర్తిచేయాలన్నది ఎన్‌సీఏఏ పెట్టిన మెట్ల వరస. మారినవాడు ఆ మెట్లు అందుకోవడానికి, తనకు నచ్చిన కోర్సు వదిలి, చెల్లే క్రెడిట్లున్న కోర్సులో చేరిపోవాల్సి వస్తుంది. ఇంజినీరు కావాలనుకున్నవాడు ఇంకేదో అవుతాడు. ఎన్ఐఎల్ ఆదాయం పెరిగితే పేద విద్యార్థులకు వచ్చే ప్రభుత్వ సాయం తగ్గే వీలుంది. పన్ను కూడా సొంత వ్యాపారం చేసేవాడిలా తనే లెక్కగట్టి చెల్లించాలి. మొదటి చెక్కు చూసిన సంబరంలో ఈ సంగతులు ఎంతమంది పిల్లలకు గుర్తుంటాయి?

ఇప్పుడు కాలేజీలే ఇస్తున్నాయి

2025 జూన్ 6న ఫెడరల్ జడ్జి క్లాడియా విల్కెన్ ఒక పెద్ద రాజీ ఒప్పందానికి ఆమోదం తెలిపారు. అరిజోనా స్టేట్ ఈతగాడు గ్రాంట్ హౌస్ పేరుతో నడిచిన కేసు అది. పాత ఆటగాళ్లకు దాదాపు 280 కోట్ల డాలర్లు పరిహారం. ఇకమీదట యూనివర్సిటీలే ఆటగాళ్లకు నేరుగా డబ్బివ్వొచ్చు. మొదటి ఏడాదికి ఒక్కో వర్సిటీ పరిమితి 2 కోట్ల 5 లక్షల డాలర్లు. బయటివాళ్లతో 600 డాలర్లు దాటి చేసుకునే ప్రతి ఒప్పందాన్నీ ఆటగాడు నమోదు చేయాలి. అది నిజమైన ప్రచార ఒప్పందమా, ముసుగు వేసుకున్న జీతమా అని పరిశీలిస్తారు.

చీకటి బేరాలు వెలుగులోకి వస్తాయి కాబట్టి ఇది మంచి అడుగు. కానీ, పంచేటప్పుడు సింహభాగం ఫుట్‌బాల్‌కీ, మగపిల్లల బాస్కెట్‌బాల్‌కీ వెళుతుంది. ఆదాయం తేని ఆటల పరిస్థితి ఏంటి? 2025 మార్చిలోనే కాలిఫోర్నియాలోని కాల్ పాలీ వర్సిటీ ఈత జట్లను ఎత్తేసింది. అదే నెలలో పెన్సిల్వేనియాలోని సెయింట్ ఫ్రాన్సిస్ యూనివర్సిటీ పై శ్రేణి నుంచి తప్పుకొని, స్కాలర్‌షిప్పులే ఉండని మూడో శ్రేణికి దిగిపోతామంది. అప్పటికి వాళ్ల బాస్కెట్‌బాల్ జట్టు జాతీయ టోర్నీలో ఆడి వారమో రెండు వారాలో! పెద్దవాళ్ల వేలంపాటలో నిలబడలేక చిన్న కాలేజీ తలుపు మూసుకుంటే, ఈతలోనో టెన్నిస్‌లోనో చదువు దారి వెతుక్కునే పిల్లలకు ఒక మెట్టు విరిగినట్టే.

మన పిల్లలకూ వర్తిస్తుందా?

కృష్ణా జిల్లా ఉయ్యూరులో పుట్టిన సాకేత్ మైనేని అలబామా యూనివర్సిటీలో టెన్నిస్ ఆడాడు. హైదరాబాద్ అమ్మాయి సహజ యమలపల్లి టెక్సస్‌లోని శామ్ హ్యూస్టన్ స్టేట్‌లో ఆడింది. నెల్లూరు మూలాలున్న నిశేష్ బసవరెడ్డి రెండేళ్లు స్టాన్‌ఫర్డ్‌కి ఆడి, 2024 చివర్లో ప్రొఫెషనల్‌గా మారాడు. కొద్ది వారాలకే ఆస్ట్రేలియన్ ఓపెన్‌లో జొకోవిచ్ మీద తొలి సెట్ గెలిచి ఔరా అనిపించాడు. అమెరికాలో ఫ్రిస్కోలోనో ఎడిసన్‌లోనో తెల్లవారుజామునే పిల్లల్ని ప్రాక్టీసుకి దింపివచ్చే తెలుగు తల్లిదండ్రులకు ఇవి బాగా తెలిసిన పేర్లు.

అయితే, ఇక్కణ్నుంచి వెళ్లేవాళ్లు ముందే తెలుసుకోవాల్సిన మాటొకటుంది. ఎఫ్-1 వీసా మీదున్న విద్యార్థి చదువుకునే రోజుల్లో క్యాంపస్‌లో వారానికి 20 గంటలకు మించి పనిచేయకూడదు. బయట పని చేయాలంటే ప్రత్యేక అనుమతి కావాలి. ఈ సంగతి మన ఇళ్లలో చిన్నపిల్లలకు కూడా తెలుసు. ప్రకటనలో నటించడం, షాపు ప్రారంభానికి వెళ్లడం కూడా పని కిందికే రావచ్చు. టొరంటో కుర్రాడు జాక్ ఈడీ 2023, 2024లలో వరసగా దేశంలోనే ఉత్తమ కాలేజీ బాస్కెట్‌బాల్ ఆటగాడు. తోటివాళ్లకు వచ్చే ఒప్పందాల్లో చాలావాటిని వీసా వల్ల వదులుకోవాల్సి వచ్చింది. కాంగో నుంచి వచ్చిన ఆస్కార్ షీబ్వే, 2022లో కెంటకీ జట్టుతో బహామాస్ దీవులకు వెళ్లినప్పుడు... అమెరికా గడ్డ మీద కాదు కాబట్టి, ప్రచార ఒప్పందాల పనులు అక్కడే ముగించుకున్నాడు.

కాబట్టి, మన దగ్గర్నుంచి ఆట మీద వెళ్లే పిల్లలకు ఎవరైనా ఏజెంటు ‘ఎన్ఐఎల్‌లో ఇంత వస్తుంది’ అని అంకె చూపిస్తే తొందరపడొద్దు. ముందు యూనివర్సిటీలోని అంతర్జాతీయ విద్యార్థుల కార్యాలయంలో అడగాలి, ఆపై ఇమిగ్రేషన్ లాయర్‌ని కలవాలి. వీసా పోతే ఆటా పోతుంది, చదువూ పోతుంది.

కాలు విరిగితే..?

అమెరికాలో కోచ్‌లు, కౌన్సెలర్లు పిల్లలకు చెప్పే పాత పరీక్ష ఒకటుంది. ‘రేపు నీ కాలు విరిగి మళ్లీ ఆడలేవని తెలిస్తే, అప్పుడూ ఈ కాలేజీలోనే ఉంటావా?’ ఔననగలిగితే అదే నీ కాలేజీ. డబ్బు రాకముందు ఈ ప్రశ్న ఎంత అవసరమో, ఇప్పుడు అంతకు పదింతలు అవసరం. కాలేజీ ఫుట్‌బాల్ ఆడేవాళ్లలో ప్రొఫెషనల్ లీగ్‌కి చేరేవాళ్లు వందకి ఇద్దరు కూడా ఉండరు. మిగతావాళ్ల చేతిలో చివరికి మిగిలేది డిగ్రీ పట్టా.

కెనడీ సంపాదనని నేను మనస్ఫూర్తిగా హర్షిస్తాను. ఒబానన్ పోరాటం గెలవాల్సిందే, నేపియర్ ఆకలి మళ్లీ ఎవరికీ రాకూడదు. పిల్లల ముఖం మీద పెద్దలు వ్యాపారం చేసుకునే చోట ఆ పిల్లలకు వాటా దక్కడం న్యాయం. అదే నోటితో ఇంకో మాట కూడా అనాలి. వాళ్లకు చూపించే ప్రతి అంకె కాగితం మీద ఉండాలి. ఇస్తామన్నవాళ్లు ఇవ్వకపోతే శిక్ష వాళ్లకు పడాలి, పిల్లాడి చదువుకి కాదు. ఎన్ని కాలేజీలు మారినా, దెబ్బ తగిలి ఆట ఆగినా, డిగ్రీ పూర్తయ్యేదాకా ఫీజు కట్టే బాధ్యత అతని ఆటతో లాభపడ్డ చివరి యూనివర్సిటీదే కావాలి. కోట్లు పంచుకుంటున్నవాళ్లకు ఇది భారమేమీ కాదు.

మీ ఇంట్లో ఆటలాడే పిల్లలుంటే... అమెరికాకే పంపండి, స్పోర్ట్స్ కోటాలో ఇక్కడే చేర్చండి... కాలేజీ చూడటానికి వెళ్లిన రోజున మూడు ప్రశ్నలు వరస తప్పకుండా అడగండి. ఇక్కడ ఏం చదువుతుంది మా అమ్మాయి? ఆట ఆగిపోతే చదువు ఆగకుండా ఎవరు చూస్తారు? ఇస్తామంటున్న డబ్బు ఏ కాగితంలో రాసి ఉంది? మొదటి రెండింటికి సరైన జవాబు దొరికాకే మూడోది అడగండి.